గదిని నడిపించిన అక్కాచెల్లెళ్ళు

నాక్స్‌విల్, టెనసీ
డిసెంబరు 14

గ్లెండా అక్కకు,

ముందే చెప్తున్నాను, ఇది క్షమాపణ ఉత్తరం కాదు. ఫోన్ చెయ్యడానికి వీల్లేదు కనక రాస్తున్నాను. చిన్నప్పుడు మనం జుట్లు పట్టుకున్నప్పుడల్లా అమ్మ ఏం చేసేదో గుర్తుంది కదా. మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూచుని తినేదాకా మాట్లాడుకోకూడదు, ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి తలుపు కింద నుంచి తోయాలి. అప్పట్లో రాత్రి భోజనానికల్లా శిక్ష తీరిపోయేది. ఇప్పుడు నువ్వు డేటన్‌లో, నేనిక్కడ. మళ్ళీ ఒకే బల్ల అంటే వచ్చే డిసెంబరే. అమ్మ పోయి ఆరేళ్ళయినా ఆ నియమం తప్పాలంటే నాకు వెన్నులో చలి పుడుతుంది.

పోయిన వారం బాల్కనీలో నేను అరిచిన మాట నిజమే. నువ్వూ అరిచావు. కింద కారులో సామాను సర్దుకుంటున్న కుటుంబం వాళ్ళు ఆ పని మానేసి మరీ విన్నారు, వాళ్ళ చిన్నపిల్ల చప్పట్లు కూడా కొట్టింది. అసలు ఆ పిల్లకి మనం కనిపించడమే నా బాధ. మన బాల్కనీ ఎదురుగా ఉన్నది కార్లు, అక్కా. ఇరవై ఆరేళ్ళుగా ఏటా డిసెంబరులో లార్క్‌మియర్ వినోదాల పార్కుకి పోతున్నాం, ఇరవై ఆరేళ్ళూ నేను చూసింది కార్లే. సరస్సు మీద బాణసంచా పేలుతుంటే మనకి కనిపించేది వ్యాన్ల కప్పుల మీద ఎర్రగా, పచ్చగా మెరుపులు.

అమ్మ ఆ పార్కు రిసార్ట్ క్లబ్బులో వాటా కొన్నది ఇందుకేనా? ఆ వాటాకి ఏటా మన ఖాతాలో పడే పాయింట్లతో నువ్వు రెండు పార్కింగ్ వైపు గదులు వారం రోజులకి తీసుకుంటావు. అవే పాయింట్లకి సరస్సు వైపు గది ఒకటి మూడు రాత్రులకి వస్తుంది. ఒక్క ఏడాది నలుగురం ఆ ఒక్క గదిలో సర్దుకుందామన్నాను. అంతే కదా నేనన్నది. దానికి "అమ్మ సొమ్ము సరస్సులో పోస్తావా" అంటావా?

ఆ ఖాతా ఇద్దరి పేరా ఉంది. అమ్మ కావాలనే అలా పెట్టింది. వచ్చే ఏటికి గది నేను చూస్తాను.

నీ చెల్లెలు,
రాక్సీ

డేటన్, ఒహాయో
డిసెంబరు 20

రాక్సీకి,

నీ ఉత్తరం చేరింది. మీ బావ వాల్ట్‌కి చదివి వినిపించాను. చప్పట్లు కొట్టిన పిల్ల దగ్గర తెగ నవ్వాడు, నేను నవ్వలేదు.

నలుగురం ఒకే గదిలో అన్నావు. మీ ఆయన కర్టిస్ గురక సంగతి నీకు అలవాటైపోయి మర్చిపోయినట్టున్నావు. పక్క గదిలో ఉండే నాకే గోడ అదురుతుంది. నలుగురం ఒకే గదిలో పడుకుంటే మూడు రాత్రులు కాదు, ఒక్క రాత్రి చాలు, మర్నాడు ముగ్గురం నిన్ను తిట్టుకుంటూ ఇళ్ళకి పోతాం.

పార్కుకి పోయేది పార్కు కోసం. పొద్దున గేటు తెరవక ముందే మనం అక్కడ ఉంటాం, రాత్రి కాళ్ళు పీకుతూ వస్తాం. గదికి కావలసింది మంచం, స్నానాల గది, నా టోస్టర్ పెట్టుకోవడానికి ఒక బల్ల. నేను రాత్రి పూట శాండ్‌విచ్‌లు చుట్టి పెట్టకపోతే పార్కులో ఒక్కొక్కరి భోజనానికి ఎంతవుతుందో నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు ఏనాడూ కొనలేదు. కళ్ళు మూసుకుని పడుకోవడానికి సరస్సు ఎందుకు?

ఈ వాక్యం రాశాక కాసేపు కలం పక్కన పెట్టాను. ఎందుకని అడక్కు.

వచ్చే ఏటి గది ఎప్పటిలాగే నేనే చూస్తాను. నువ్వు ఆ ఖాతాలో వేలు పెట్టకు. నీకు తొందర ఎక్కువ, నీకు వెబ్‌సైటు అప్పగిస్తే అమ్మ వాటా మొత్తం అమ్మేసి బయటికి వస్తావు.

పండక్కి నువ్వు పంపిన పీచ్ జామ్ అందింది. సీసా మూత వాల్ట్ తియ్యలేకపోయాడు, నేనే తీశాను. ఈ మధ్య ట్రక్కు కూడా నేనే నడుపుతున్నాను. ఇక్కడ మంచు బాగా పడింది.

నీ అక్క,
గ్లెండా

నాక్స్‌విల్
డిసెంబరు 28

అక్కా,

వేలు పెట్టొద్దన్నావు కనక కళ్ళు పెట్టాను. మన ఖాతాలోకి ఒక దొంగ దూరాడు. వచ్చే నవంబరు చివరి రోజులకి లార్క్‌మియర్‌లో ఒక గది తీసుకున్నాడు. ఒకే ఒక గది, మూడు రాత్రులు, సరస్సు వైపు. మనిద్దరి పాయింట్లూ అడుగంటా ఊడ్చేశాడు.

మొదట క్లబ్బుకి ఫోన్ చేసి ఎవరో మా సొత్తు కాజేశారని చెప్పబోయాను. తర్వాత ఆ దొంగ ఖాతా తెరిచిన వేళ చూశాను. సరిగ్గా పొద్దున ఎనిమిది. నాకు తెలిసి లోకంలో అంత సరిగ్గా ఎనిమిదింటికి దొంగతనం చేసే మనిషి ఒక్కతే ఉంది. మర్నాడు చూస్తే ఆ గది తారీకు ఒక రోజు ముందుకి జరిగింది. ఆ మర్నాడు ఇంకో రోజు. ఇవాళ ఇంకో రోజు.

నాకు కోపం రాలేదంటే నమ్ము. నవ్వొచ్చింది, ఆ తర్వాత భయం వేసింది. సరస్సు అంటే మండిపడే మా అక్క, చెల్లెలికి చెప్పకుండా, చెల్లెలి వాటా కూడా కలిపి సరస్సు వైపు గది ఎందుకు తీసుకుంటుంది? ఆ గదిలో నాకు, కర్టిస్‌కి చోటు లేదని అర్థమవుతూనే ఉంది. ఇంకో సంగతి. బావ తప్ప ఆ ట్రక్కు స్టీరింగు ఇంకెవరూ ముట్టుకోవడం నేను చూడలేదు. ఆ మాట నీ ఉత్తరంలో జామ్ సీసాకీ మంచుకీ మధ్య ఇరికించి రాశావు, నేను చూడకుండా దాటిపోతానని.

ఏమయింది బావకి?

రాక్సీ

డేటన్
జనవరి 2

రాక్సీ,

కాగితం మీద కనక చెప్పగలుగుతున్నాను. అమ్మ నియమం మొదటిసారి నాకు మంచిదనిపించింది.

వాల్ట్‌కి చూపు పోతోంది. కంటి నడిమధ్య చూపు ముందు పోతుందట, చుట్టూ అంచుల్లో కొంత మిగులుతుందట. నెలనెలా కంట్లో సూది వేస్తున్నారు. అది పోయే చూపుని కాస్త నెమ్మదిగా పొమ్మనడానికే తప్ప ఆపడానికి కాదని డాక్టరమ్మ చెప్పింది. నా మొహం వంక చూస్తే మొహం ఉండాల్సిన చోట మసగ్గా ఉండి, చుట్టూ జుట్టూ చెవులూ కనిపిస్తాయట. "నీ చెవులు ఇంత అందంగా ఉంటాయని నలభై ఏళ్ళుగా నాకు తెలియలేదు గ్లెండా" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకు చెప్పానని ఆయనకి తెలియకూడదు.

క్లినిక్‌లో కూచున్న రోజున నాకు ఒక్కటే గుర్తొచ్చింది. ఈ మనిషిని ఇరవై ఆరేళ్ళు బాణసంచాకి ఇంత దగ్గరికి తీసుకెళ్ళి వ్యాన్ల కప్పులు చూపించాను. నేను. పాయింట్లు మిగులుతాయని. ఏనాడూ ఒక్క మాట అనలేదు. నువ్వన్నది నిజమని నీతో చెప్పడం కన్నా దొంగతనం తేలికనిపించింది. నీ వాటా కూడా లాగేసుకున్నాను. దానికి నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

నువ్వు చూసిన ఆ జరగడం సంగతి చెప్తాను. సరస్సు వైపు గదులు చాలా తక్కువ. పదకొండు నెలల ముందు, పొద్దున ఎనిమిదింటికి ఒక్కో రోజు తెరుస్తారు. డిసెంబరు రోజులు తెరిచేసరికి జనం ఎగబడతారు. అందుకని తెలిసినవాళ్ళు ఎవరికీ పెద్దగా అక్కర్లేని నవంబరు రోజులకే గది పట్టుకుని, పొద్దున్నే ఒక్కో రోజు ముందుకి జరుపుకుంటూ పోతారు. చేతిలో ఉన్న గదిని ఎవరూ లాక్కోలేరు. క్లబ్బు వాళ్ళంతా దీన్ని గదిని నడిపించడం అంటారు, కుక్కని షికారు తిప్పినట్టు. కానీ వెనక వదిలిన రోజు మళ్ళీ మనది కాదు, క్షణంలో ఎవరో ఎత్తుకుపోతారు. నేను నైట్‌గౌనులోనే కంప్యూటర్ ముందు కూచుంటున్నాను. వాల్ట్ అడిగితే వంటల వీడియోలు అంటున్నాను. రోజూ ఓట్స్ జావే ఎందుకు పెడుతున్నానో అని ఆశ్చర్యపోతున్నాడు.

మా పెళ్ళి రోజు రాత్రి ఆయన్ని ఆ బాల్కనీలో కూచోబెట్టి బాణసంచా చూపించాలి. అప్పటికి ఎంత చూపు ఉంటే అంత. గది దాదాపు అక్కడికి చేరింది. నాకున్న దిగులల్లా ఏదో ఒక పొద్దున క్లినిక్‌కి పోవలసి వచ్చి జరపడం మర్చిపోతానేమోనని.

గ్లెండా

నాక్స్‌విల్
జనవరి 12

నా మంచి అక్కా,

నీ ఉత్తరం ఏడో తారీకున వచ్చింది. మా డెంటల్ క్లినిక్ రిసెప్షన్ బల్ల దగ్గర చదివి, పన్ను పీకించుకోవడానికి వచ్చిన మనిషి కన్నా ఎక్కువ ఏడ్చాను. ఆయనే నాకు టిష్యూ ఇచ్చాడు.

నా వాటా గురించి ఇంకోసారి మాట్లాడావంటే నిజంగానే తిడతాను. తీసుకో. బావకి ఏమీ తెలియనట్టే ఉంటాను. మేము ఈ డిసెంబరుకి ఇంట్లో కూచుని టీవీ చూస్తాం, కర్టిస్‌కి ఇంకా సంతోషం. క్యూలో నుంచోవడం తప్పుతుందని.

ఇప్పుడు అసలు సంగతి విను. ఉత్తరం చదివిన రోజే ఖాతా తెరిచి చూశాను. గది డిసెంబరు నాలుగో తారీకు దగ్గర నిలబడిపోయి ఉంది. ఏడో తారీకు దాకా రోజులు తెరిచేశారు, నువ్వు జరపలేదు. అర్థమైపోయింది. నువ్వు భయపడినట్టే క్లినిక్‌లో ఇరుక్కుపోయావు. ఉత్తరం రాస్తే నీకు చేరేసరికి నాలుగు రోజులు. ఫోన్ చెయ్యకూడదు. అందుకని నేనే రంగంలోకి దిగాను. ఆ రోజే ఏడు దాకా లాగాను. మర్నాటి నుంచి రోజూ ఏడున్నరకే లేచి, కాఫీ పెట్టుకుని, ఎనిమిది కొట్టగానే ఒక రోజు ముందుకి. నాకు తొందర ఎక్కువన్నావు కదా, ఐదు రోజులు నేను వేసిన ఓపిక చూసి ఉంటే అమ్మ కూడా మెచ్చుకునేది.

నిన్న పొద్దున పదకొండుకి చేర్చి ఆపాను. పదకొండున దిగితే పన్నెండు మధ్య రోజు అవుతుంది. మీరు పెళ్ళి రోజని ఏనాడూ ఒక కేకు కొయ్యలేదు, నాకు గుర్తుండదనుకున్నావేమో. నీ పెళ్ళి గౌను వెనక నేల మీద జీరాడే తోక పట్టుకుని నడిచినదాన్ని. డిసెంబరు పన్నెండు, నాకు గుర్తుంది.

ఇక నిశ్చింతగా పడుకో.

రాక్సీ

డేటన్
జనవరి 17

రాక్సాన్ మే హోల్‌కూమ్,

పూర్తి పేరు రాశానంటే ఎంత కోపంలో ఉన్నానో తెలుస్తుంది.

మా పెళ్ళి డిసెంబరు ఐదు. పన్నెండు నీ పెళ్ళి. నీ మొదటి పెళ్ళి, ఆ డ్వేన్‌తో. నువ్వు నా పెళ్ళిలో తోక పట్టుకున్న మాట నిజమే, కానీ పన్నెండో తారీకు గౌను నాది కాదు, నీదే. దాని తోక నేను పట్టుకున్నాను.

నేను క్లినిక్‌లో ఇరుక్కోలేదు. గది నాలుగుకి చేరింది, అక్కడే ఉండాలని ఆపాను. గమ్యం చేరింది కదా అని ఖాతా మూసేసి వారం రోజులు హాయిగా ఏడింటి దాకా నిద్రపోయాను, రాక్సీ. వాల్ట్‌కి గుడ్లు వేయించి పెట్టాను. నువ్వు అదే వారంలో ఏడున్నరకి లేచి, కాఫీ తాగి, నా గదిని గొలుసు పట్టుకుని వీధి చివరికి ఈడ్చుకుపోయావు.

నీ ఉత్తరం చదివిన వెంటనే వెనక్కి జరపబోయాను. నాలుగు, ఐదు, ఆరు మొత్తం పోయాయి. సరస్సు వైపు ఒక్క గది కూడా లేదు. ఏ వెధవ పట్టుకున్నాడో గానీ నా చెల్లెలికి థాంక్స్ చెప్పుకుంటూ ఉంటాడు.

వాల్ట్ ఇప్పుడే అడిగాడు, ఎందుకలా టైపు కొడుతున్నట్టు రాస్తున్నావని. చేత్తోనే రాస్తున్నాను, బల్ల అదురుతోంది.

ఫోన్ చేసి నిన్ను చెడామడా తిట్టాలని మూడుసార్లు చెయ్యి చాపాను. అమ్మ అడ్డొచ్చింది.

గ్లెండా

నాక్స్‌విల్
ఫిబ్రవరి 3

అక్కా,

నీ ఉత్తరం పది రోజులు సంచీలో పెట్టుకుని తిరిగాను.

నువ్వన్నది నిజం. పన్నెండు నాదే. ముప్ఫై ఏళ్ళుగా ఆ తారీకు తలుచుకోకూడదని నా బుర్రలోంచి తోసి తోసి, చివరికి నీ పెళ్ళి దగ్గర పడేసుకున్నట్టున్నాను. డ్వేన్ వెళ్ళిపోయాక నువ్వు నన్ను లార్క్‌మియర్‌కి తీసుకెళ్ళిన ఏడు గుర్తుందా? నేను మంచం దిగలేదు. నువ్వు కిటికీ దగ్గర కుర్చీ వేసి, కింద కార్ల నంబరు ప్లేట్లు నాతో చదివించావు. అలాస్కా నుంచి వచ్చిన కారు కనిపిస్తే ఐస్‌క్రీమ్ కొనిపెడతానన్నావు. కనిపించింది, కొనిపెట్టావు. ఆ బాల్కనీలో ఎదురుగా కార్లే ఉన్నాయని అరిచేటప్పుడు నాకది గుర్తు రాలేదు. సిగ్గుగా ఉంది.

చేసిన దాన్ని వెనక్కి తీసుకోలేను. కానీ పదకొండు నుంచి గది మన చేతిలోనే ఉంది, సరస్సు వైపే. పెళ్ళి రోజు వారం ఆలస్యమైతే బావ ఏమంటాడు? తారీకుల కన్నా బాణసంచా ముఖ్యం కదా. నన్ను క్షమించకపోయినా ఆ గది వదులుకోకు.

రాక్సీ

డేటన్
ఫిబ్రవరి 11

రాక్సీకి,

అలాస్కా కారు నాకూ గుర్తుంది. నిజం చెప్పాలంటే అది ఆర్కాన్సా కారు. నువ్వు ఏడుపు ఆపి "అలాస్కా" అన్నావు, నేను ఔనన్నాను.

గది ఉంచాను. పెళ్ళి రోజు వారం ఆలస్యంగా చేసుకుంటాం. వాల్ట్‌కి పెళ్ళి రోజు ఎప్పుడో ఎటూ గుర్తుండదు, ఈ విషయంలో మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది. కోపం ఇంకా ఉంది, కానీ బల్ల అదరడం తగ్గింది.

గ్లెండా

డేటన్
ఆగస్టు 19

రాక్సీ,

ఈ ఉత్తరం చదివే ముందు కూచో.

క్లబ్బు నుంచి ఒక ప్రకటన వచ్చింది. లార్క్‌మియర్ సరస్సు అడుగున పూడిక తీస్తారట, బాణసంచా పేల్చే పడవలు కూడా మారుస్తారట. డిసెంబరు ఎనిమిది నుంచి నెలాఖరు దాకా సరస్సులో నీళ్ళుండవు. బాణసంచా ఆఖరి రాత్రి డిసెంబరు ఏడు. మా గది పదకొండు నుంచి. అంటే వాల్ట్‌ని సరస్సు వైపు బాల్కనీలో కూచోబెట్టి నేను చూపించబోయేది బురద. అందులో రెండు పొక్లెయిన్లు.

నేను ఏడవలేదు. పగలబడి నవ్వాను, వాల్ట్ భయపడి పక్క గదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చాడు. గోడ పట్టుకుంటూ. వసంతంలో ఇంకా గోడ పట్టుకునే పని ఉండేది కాదు. పేపర్లో పెద్దక్షరాలు కూడా ఇప్పుడు చదవలేకపోతున్నాడు, బేస్‌బాల్ రేడియోలోనే వింటున్నాడు. వచ్చే ఏటికి వాయిదా వేద్దామా అంటే, వచ్చే ఏటికి ఏం మిగులుతుందో డాక్టరమ్మ చెప్పలేనంది.

పదకొండు గది వదిలేశాను. పాయింట్లు ఖాతాలోకి తిరిగి వచ్చాయి. డిసెంబరు నాలుగు నుంచి వారానికి దొరికినవి పార్కింగ్ వైపు గదులు రెండు, పక్కపక్కన. తీసుకున్నాను. ఒకటి మీకు. అమ్మ ఆ వాటా కొన్న నాటి నుంచీ మనకి రాసిపెట్టి ఉన్నది కార్లే.

ఇది నీ తప్పని ఇంక అనను. పూడిక నువ్వు తీయించలేదు.

గ్లెండా

నాక్స్‌విల్
అక్టోబరు 23

అక్కా,

రెండు నెలలుగా నేనేం చేస్తున్నానో చెప్పలేదు. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ, రాత్రి పళ్ళు తోముకుంటూ ఖాతా చూస్తున్నాను, ఐదో తారీకున సరస్సు వైపు గది ఎవరైనా వదులుకుంటారేమోనని. సెప్టెంబరులో ఒకసారి కనిపించింది. నొక్కేలోపు మాయమైంది. నోట్లో బ్రష్ ఉండగానే కేక పెట్టాను, కర్టిస్ ఎలకనుకుని చీపురు పట్టుకొచ్చాడు.

పాయింట్లు లేకుండా డబ్బిచ్చి తీసుకుందామని రిసార్ట్‌కి ఫోన్ చేశాను. ఒక్క రాత్రికి తొమ్మిది వందల డాలర్లట. ఉన్నది ఒకే ఒక గది, అది కూడా ఐదో తారీకుకే. నేను నీకు బాకీ ఉన్నాను అక్కా. ఆ ఒక్క రాత్రి నేను కడతాను. నువ్వు ఔనను చాలు. వాళ్ళు శుక్రవారం దాకా ఉంచుతామన్నారు.

ఉత్తరం శుక్రవారం లోపు చేరాలని అదనంగా స్టాంపులు అంటించాను.

రాక్సీ

డేటన్
నవంబరు 2

రాక్సీ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. స్టాంపులు మాత్రం చాలా అందంగా ఉన్నాయి.

శుక్రవారమే వచ్చినా వద్దనే దాన్ని. మీ కప్పు కారుతోందని కర్టిస్ వాల్ట్‌తో చెప్పాడట, వాళ్ళిద్దరికీ ఫోను నిషేధం లేదుగా. ఆ డబ్బు కప్పుకి పెట్టు. నేను వాల్ట్‌కి సరస్సు వైపు గది పట్టిన సంగతి ఎప్పుడూ చెప్పలేదు కనక ఆయనకి పోయిందేమీ లేదు. ఆ బాధ నా ఒక్కదానిదే, మోస్తాను.

టోస్టర్ తెస్తున్నాను. నువ్వు పీచ్ జామ్ తీసుకురా.

గ్లెండా

లార్క్‌మియర్ రిసార్ట్, ఫ్లోరిడా
పార్కింగ్ వైపు గది నుంచి పక్క గదికి
డిసెంబరు 6, పొద్దున

రాక్సీ,

మొన్న రాత్రి ఒకే బల్ల దగ్గర తిన్నాం కనక నియమం తీరిపోయింది, నోటితోనే చెప్పొచ్చు. ఇది నోటితో చెప్పలేను. తలుపు కింద నుంచి తోస్తున్నాను. కర్టిస్ తొక్కకుండా చూసుకో.

రాత్రి మీరు కిందికి డెజర్ట్ తినడానికి వెళ్ళారు కదా. నేను శాండ్‌విచ్‌లు చుడుతున్నాను. తొమ్మిదికి పది నిమిషాలుందనగా వాల్ట్ లేచి బల్ల మీద ఉన్న ఐసు బకెట్ తీసుకున్నాడు. ఏటా ఆ వేళకి ఐసుకి వెళ్తాడు, గంట తర్వాత సగం కరిగిన ఐసుతో వస్తాడు. మెషిన్ ఎక్కడో చివర ఉందనీ, క్యూ ఉంటుందనీ చెప్తాడు. ఇన్నేళ్ళూ నేను పట్టించుకోలేదు, ఆ గంటలో నా పని నాకు సరిపోయేది.

"కారిడార్లో మెట్లున్నాయి, నేను తెస్తాను ఇవ్వు" అన్నాను. ఇవ్వలేదు. "నాకు దారి తెలుసులే గ్లెండా, నువ్వు పని చూసుకో" అన్నాడు. చేతులు తుడుచుకుని వెనకాలే వెళ్ళాను. ఐసు మెషిన్ మన తలుపుకి ఎదురుగానే ఉంది. నువ్వు చూశావా ఏనాడైనా? దాని ముందు నుంచే తిన్నగా నడిచి పోయాడు. గోడ పట్టుకుని లిఫ్టు, లిఫ్టు దిగి వంటగది పక్క సందు, సందు దాటి సరస్సు గట్టు. ఆ దారిలో ఒక్కసారి కూడా తడబడలేదు.

గట్టు మీద పొడుగాటి బెంచీ ఉంది. దాని మీద ఎనిమిది మంది మగవాళ్ళు కూచుని ఉన్నారు. అందరూ మన వయసు వాళ్ళే. ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర ఒక్కొక్క ఐసు బకెట్. పార్కింగ్ వైపు గదుల మొగుళ్ళంతా అక్కడున్నారు, రాక్సీ. వాల్ట్‌ని చూడగానే "వచ్చాడయ్యా ఒహాయో" అని చోటిచ్చారు. వెనక నేను కనిపించేసరికి అందరూ మాటలాపేసి బకెట్ల వంక చూసుకున్నారు. "మా ఆవిడకి చెప్పకండి మేడమ్" అన్నాడొకాయన.

నేను వాల్ట్‌ని అడిగాను, "ఎన్నేళ్ళ నుంచి?" అని.

"మొదటి ఏటి నుంచీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పార్కింగ్ గది తీసుకుని ఎంత మిగిల్చావో అని మురిసిపోయేదానివి. ఈ చోటు సంగతి చెప్తే సరస్సు వైపు తీసుకోలేదని బాధపడతావనిపించింది. రెండోది, నువ్వు వస్తే శాండ్‌విచ్‌లు ఎవరు చుడతారు?"

ఏడాదంతా నేను ఏడ్చింది ఆయన చూడలేదని. ఆయన ఒక్క ఏడు కూడా వదలకుండా చూశాడు. చూడనిదాన్ని నేనే. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఎవరో లేచి నాకు చోటిచ్చారు. బాణసంచా మొదలయింది. వాల్ట్ నా చెయ్యి పట్టుకుని, నా వంక కాకుండా పక్కకి తిరిగి, ముందే చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎర్రవి రెండు, తర్వాత తెల్లది, అది పైకి పోయి జల్లులా పడుతుంది. అలాగే పడింది. వరస మొత్తం ఆయనకి నోటికి వచ్చు. నాకు పట్టలేనంత సంతోషమయింది, అది కూడా రాస్తున్నాను.

తర్వాత, "చూడు, ఇప్పుడు ఆకుపచ్చ, మొత్తం ఆకాశం ఆకుపచ్చ అవుతుంది, నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం" అన్నాడు. బంగారు రంగు వచ్చింది. ఈ ఏడు వరస మార్చారు. బెంచీ మీద వాళ్ళంతా నా వంక చూశారు.

"అబ్బ, ఎంత ఆకుపచ్చగా ఉందో" అన్నాను.

అయోవా నుంచి వచ్చిన ఒకాయన గొంతు సవరించుకుని "ఔనండీ, ఈ ఏడు ఇంకా పచ్చగా ఉంది" అన్నాడు. ఆ తర్వాత ఆఖరి దాకా వాల్ట్ ఏ రంగు చెప్తే బెంచీ మొత్తం ఆ రంగే అంది.

వచ్చేటప్పుడు మన గది ఎదురుగా ఉన్న మెషిన్లో ఐసు నింపుకున్నాం. తలుపు తీస్తుంటే వాల్ట్ అన్నాడు, "వచ్చే ఏడు నాకేదీ కనిపించకపోతే, నువ్వు ముందే రంగులు చెప్పకు, వచ్చాక చెప్పు, అసలు ఏది వచ్చిందో అదే చెప్పు." నా చెవులు ఎర్రగా మండిపోయాయి, అవి ఆయనకి కనిపించే ఉంటాయి.

వచ్చే ఏటికి గది నువ్వే చూడు. పార్కింగ్ వైపే తీసుకో, వారం రోజులకి. శాండ్‌విచ్‌లు నువ్వూ కర్టిస్ చుట్టండి. నేనూ వాల్ట్ ఐసుకి వెళ్తాం.

అక్క